పిడిని ఉడకబెట్టినవాడు

"ఉడకబెట్టారా?"

ఆమె అరిచిన అరుపుకు కలప ల్యాబు అటక మీది పావురం రెక్కలు కొట్టుకుంటూ కిటికీలోంచి ఎగిరిపోయింది.

"అవునండీ," అన్నాడతను, అందులో అరవాల్సిందేముందో అర్థం కాక. "చాలా గట్టి కర్ర. నిన్నంతా ఉడికింది. మెత్తబడితే గానీ బ్లేడుకు లొంగదు కదా."

"కోశారు కూడానా?"

"కోయకుండా మైక్రోస్కోపు కింద ఎలా చూస్తామండీ?"

బల్ల మీది తెల్లటి పింగాణీ పళ్ళేన్ని ఆమె వైపు జరిపాడు. నీళ్ళలో నాని, ఒక పక్క చెక్కేసి, ఇంకో పక్క నిలువునా చీల్చిన కర్రముక్క ఒకటి అందులో ఉంది. మొన్నటిదాకా అది కత్తి పిడి.

"మీ కర్ర పేరు తెలిసిపోయింది," అన్నాడు ఉత్సాహంగా. "నల్లతుమ్మ. సందేహమే లేదు!"

"అది నల్లతుమ్మని నాకూ తెలుసు," అంది ఆమె పళ్ళు బిగించి. "మా నాన్న చెక్కిన పిడి అది. మేం పిడులు ఎంత సైజులో చేస్తామో మీకు తెలియాలని పక్కన పెట్టాను. చూడ్డానికి పెట్టానండీ, వండుకోవడానికి కాదు. పేరు చెప్పమన్నది కాగితంలో చుట్టిన ముక్కకు!"

అతని మొహంలో రంగు మారింది.

"ఆ కాగితం పొట్లమా?"

"ఆ పొట్లమే. ఎక్కడుంది?"

అతను లేచి మూలనున్న ఫ్రిజ్ తెరిచాడు. పెరుగు డబ్బా పక్కన కాగితం పొట్లం చల్లగా, భద్రంగా కూర్చుని ఉంది.

"మీరు భోజనం మర్చిపోయారనుకున్నాను," అన్నాడు నెమ్మదిగా. "పాడైపోతుందని..."

నవ్వొచ్చేదే. ఇంకో రోజయితే ఆమె నవ్వేది కూడా. ఆ రోజు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమెకు ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు గదిలో అమ్మకం, వెనక రేకుల షెడ్డులో పని. నాన్న కొలిమి దగ్గర వంటింటి కత్తులు సాగగొడతాడు. వాటికి పిడులు వేసేది ఆమె. ముందు గదిలో బల్ల వెనక కూర్చుని బేరాలు చూసేది మేనత్త. లోపలికొచ్చినవాడు కత్తి కొన్నా కొనకపోయినా, వాడి ఉద్యోగం ఏమిటో, పెళ్ళయిందో లేదో కనుక్కోకుండా అత్త బయటకు వదలదు.

ఆ వేసవిలో ఒక పాత సినిమా హాలు పడగొడుతుంటే, మెట్ల పక్కనుండే చేతిపట్టె కర్రను నాన్న కొనుక్కొచ్చాడు. పైన పొరలు పొరలుగా రంగు. చిత్రిక పట్టి ఆ రంగు లేపేసరికి లోపల తేనెలాంటి పసుపు బయటపడింది. ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేస్తే, అటూ ఇటూ తిప్పినప్పుడల్లా పట్టుగుడ్డలా మెరుపు మారుతోంది. తండ్రీకూతుళ్ళిద్దరూ పొంగిపోయారు. ఆ కర్రతో పిడులు వేసిన మొదటి విడత కత్తులు వంట నేర్పే కాలేజీకి వెళ్ళాయి. రెండో విడతకు ఆమెకు సాయంగా పిడులు నునుపు చేస్తుండగా నాన్న చేతులు దురదపెట్టడం మొదలైంది. తర్వాత ఎర్రటి పొక్కులు, తర్వాత వాపు. చివరికి వేళ్ళు మడత పడలేదు. దాంతోపాటు ఎడతెగని దగ్గు.

"కొత్తగా ఏం ముట్టుకున్నారు?" అనడిగాడు చర్మం డాక్టరు.

"కర్ర."

"ఏం కర్ర?"

నాన్న కూతురి వంక చూశాడు. కూతురు నేల వంక చూసింది.

"దాని పేరు కనుక్కొని రండి. అందాకా ఊహించుకుని మందివ్వడమే," అన్నాడు డాక్టరు.

పేర్లకు కొదవ లేదు. వడ్రంగి ఒక పేరు చెప్పాడు. కలప డిపో యజమాని ఇంకోటి చెప్పాడు. పక్కింటాయన చూడకుండానే మూడోది చెప్పాడు. ఎవరి పేరు వాళ్ళది, ఎవరి ధీమా వాళ్ళది. ఆమెను మాత్రం ఒక్కటే భయం తినేస్తోంది. వంట కాలేజీలో అంతమంది పిల్లలు పొద్దస్తమానం ఆ పిడులే పట్టుకుని కూరగాయలు తరుగుతున్నారు. వాళ్ళ చేతులకూ ఇదే జరిగితే?

"మా నాన్న ఇప్పుడు ఉలి పట్టుకోలేరు," అంది ఆమె, పింగాణీ పళ్ళెంలోకి చూస్తూ. "నేను చేసే పిడులన్నిటికీ ఇదే మచ్చు. ఇంకోటి చేసివ్వమని ఆయన్ని ఎలా అడగను?"

అతను సంజాయిషీ చెప్పుకోలేదు. "తప్పు నాదే," అన్నాడు. పొట్లం విప్పి, అసలు ముక్కను వెలుతురులో పెట్టి, కంటికి భూతద్దం ఆనించి చాలాసేపు చూశాడు. తిప్పి చూశాడు. వాసన చూశాడు. గోరుతో గీకి మళ్ళీ చూశాడు.

"ఇదేమిటో నాకు తెలీదండీ."

ఇన్నాళ్ళకు ఒక మనిషి నోట ఆ మాట విన్నది ఆమె. కోపం రావాల్సింది పోయి, ఎందుకో గుండె మీది బరువు కొంచెం పక్కకు జరిగినట్టనిపించింది. ఆ సంగతి అతనికి తెలియనిస్తుందా?

"తెలీదని చెప్పడానికి ఇంత పెద్ద ల్యాబు కావాలా?"

"తెలీదు కాబట్టే వెతుకుతాను. కొంచెం టైమివ్వండి."

"ఇస్తాను. ఈసారి స్టవ్ వెలిగించే ముందు ఫోన్ చేయండి."

*

తర్వాతి ఆదివారం అతను దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో బరువైన సంచి, నుదుటి మీద చెమట.

"ఏం కావాలి బాబూ? కూరగాయల కత్తా, మాంసం కత్తా?" అంది అత్త.

"కత్తి కాదండీ. మీ మచ్చు పిడి... నేను... పొరపాటున..."

అత్త కళ్ళజోడు పైకి తోసుకుని అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"ఓహో! ఆ వంటవాడివి నువ్వేనా?" అని లోపలికి తిరిగి గొంతెత్తింది. "అమ్మాయీ! నీ వంటవాడొచ్చాడు!"

ఆమె షెడ్డులోంచి పరుగున వచ్చింది, జుట్టు నిండా రంపపు పొట్టుతో. అతన్ని చూసి జుట్టు దులుపుకుంది. దులుపుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

సంచిలో ఉన్నది బంకమన్ను. బొమ్మలు చేసే స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాడట. నాన్న చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, మెత్తటి మట్టిముద్ద ఆయన అరచేతిలో పెట్టాడు.

"ఉలి పట్టక్కర్లేదు బాబాయి గారూ. కత్తి పట్టుకున్నట్టు ఒక్కసారి దీన్ని పట్టుకోండి చాలు. మీ పట్టు మట్టిలో దిగుతుంది. దాన్ని చూసి కర్ర చెక్కొచ్చు."

"బాబాయేంటయ్యా బాబాయి!" ముందు గదిలోంచి అత్త అందుకుంది. "వరస చెడిపోతుంది. అంకులనో గింకులనో ఏడువు!"

అతనికి చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు రంపం ఎక్కడ పెట్టిందో ఉన్నట్టుండి గుర్తు రాలేదు. నాన్న మాత్రం ఏమీ విననట్టు కళ్ళు మూసుకుని, వాచిన వేళ్ళను నొప్పి ఓర్చుకుంటూ ఒక్కొక్కటే మట్టి చుట్టూ మడిచాడు. బొటనవేలు పైన ఆనింది. చిటికెన వేలు చివర చిన్న గుంట చేసుకుని అందులో ఒదిగింది.

"ఆ గుంట చూశారా?" అంది ఆమె మెల్లగా. "ఎంత కొలిచినా అది నాకు ఎప్పుడూ సరిగ్గా వచ్చేది కాదు."

ఆ మట్టి ఆరాక, చెడగొట్టినవాణ్ణి నేనే కాబట్టి చెక్కేదీ నేనేనని అతను పట్టుబట్టాడు. ఆకురాయి తిరగేసి పట్టుకున్నాడు. ఆమె సరిచేసింది. తర్వాత సరిగ్గా పట్టుకుని తిరగేసి రుద్దాడు. సాయంత్రానికి ఏదో తయారైంది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిడా ఇది? బంగాళాదుంపా?"

"ఉడకబెట్టనా?" అన్నాడతను బిక్కమొహంతో.

ఆమె పగలబడి నవ్వింది. నాన్న నవ్వబోయి దగ్గి, దగ్గుతూనే నవ్వాడు. నాన్న చేతులు వాచిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు. అత్త బల్ల దగ్గర్నుంచి లేచొచ్చి నలుగురికీ టీ పెట్టింది.

చివరికి పిడి చెక్కింది ఆమే. మట్టి అచ్చును పక్కన పెట్టుకుని, నల్లతుమ్మ ముక్కతో. పూర్తయ్యాక నాన్న చేతికిచ్చింది. ఆయన పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఆ అబ్బాయికి బుర్రుందే," అన్నాడు చివరికి.

"చేతులే లేవు," అంది ఆమె.

"చేతులు నీకున్నాయిగా."

*

అప్పట్నుంచి ఆమె పని అయ్యాక ల్యాబుకు వెళ్ళడం అలవాటైంది. ఆ గదిలో గోడ పొడవునా చెక్క సొరుగులు. ఒక్కో సొరుగులో అగ్గిపెట్టెలంత కర్రముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. అసలు ముక్కను ఈసారి అడిగే ఉడకబెట్టాడు. ఉల్లిపొరలా కోసిన ముక్కను గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు ముందు ఆమెకు కుర్చీ వేశాడు.

"ఒక కన్ను మూసి చూడండి."

చూసింది. సన్నటి రంధ్రాలు, వాటి మధ్య దారాలు, దారాల మధ్య గళ్ళు.

"అల్లిక పనిలా ఉంది."

"ఏ చెట్టు అల్లిక దానిదే. దీనికి దగ్గరగా ఉన్నవి సొరుగుల్లో రెండున్నాయి. ఏది పెట్టి చూసినా అవునన్నట్టే ఉంటుంది, మళ్ళీ కాదన్నట్టూ ఉంటుంది."

"అయితే ఇప్పుడు మీరు రెండో కన్ను కూడా మూయండి, నేను చూపిస్తాను," అని అతని వేలు పట్టుకుని కర్ర మీద పెట్టి ఒకవైపుకు జరిపింది. "నున్నగా ఉందా? ఇప్పుడు ఈ పక్క చార మీద, అదే వైపుకు."

"గరుగ్గా ఉంది!"

"చిత్రిక పట్టేటప్పుడు ఇదే ప్రాణం తీస్తుంది. ఒక చార పడుకుంటే పక్క చార లేస్తుంది. ఒకటి ఇటు పెరిగితే ఒకటి అటు పెరిగిందన్నమాట."

అతను కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. "ఇది నేను కోసిన పొరలో కనబడదు. అంత చిన్న ముక్కలో ఎలా కనబడుతుంది? ఇన్ని రోజులూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగారా?"

"ఈ రెండింట్లో ఒకదానికి మాత్రమే ఇలా ఉంటుందని పుస్తకంలో చదివాను. కానీ..."

ఆ 'కానీ' పూర్తి కాలేదు. బయట వాన మొదలైంది. కరెంటు పోయింది. అతని వేలు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు. కరెంటు వచ్చాక ఇద్దరూ ఒక్కసారే చేతులు లాక్కుని, ఇద్దరూ ఒక్కసారే "వాన బాగా పడుతోంది" అన్నారు.

ఆ మర్నాడు అతను ల్యాబులో లేడు. ఫోన్ చేస్తే పలకలేదు. ఆ తర్వాతి రోజూ అంతే.

"ఆయనా? పెళ్ళి పని మీద ఊరెళ్ళారమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"ఎవరి పెళ్ళి?"

"అది చెప్పలేదు. కొత్త చొక్కా మాత్రం వేసుకుని వెళ్ళారు."

ఆ సాయంత్రం ఆమె ఆకురాయితో రుద్దిన రుద్దుడుకు పిడి కాస్తా చెంచా కాడంత సన్నబడింది. అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ కర్ర నిన్నేమన్నదే?"

"ఏమీ అనలేదు. అన్నీ చెప్పి వెళ్ళాలని ఎక్కడుంది?"

"కర్రలు ఎక్కడికి వెళతాయే?" అంది అత్త.

వారం తిరక్కుండానే అతను వచ్చాడు, నలిగిన కొత్త చొక్కాతో. బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా వచ్చినట్టున్నాడు.

"పెళ్ళి బాగా జరిగిందా?" అనడిగింది ఆమె, తలెత్తకుండా.

"చాలా బాగా జరిగిందండీ. మా పిన్ని కూతురి పెళ్ళి. ఫోన్ కాస్తా నీళ్ళ డ్రమ్ములో పడింది. ఫొటోలన్నిట్లో నా జేబు ఉబ్బెత్తుగా ఉంటుంది. ఏముందిరా అందులో అని అందరూ అడగడమే. మీ కర్రముక్క అని ఎవరికని చెప్పను?"

ఆకురాయి ఆగింది.

"పెళ్ళికి మా ముక్కెందుకు?"

"అక్కణ్ణుంచి ఇంకో ఊరెళ్ళాను. అక్కడ చాలా పెద్ద కలప మ్యూజియం ఉంది. మా సొరుగులో ముక్క మరీ చిన్నది, నాకు నమ్మకం కుదరలేదు. అక్కడ ఆ చెట్టుదే పెద్ద దుంగ ఉంది. మీరు చెప్పినట్టే దాని మీద వేలు పెట్టి ఇటూ అటూ జరిపాను. భూతద్దంలో చూస్తే ఇసుక మీద అల వెళ్ళిపోయాక మిగిలే గీతల్లాంటివి, దానికీ దీనికీ ఒకటే. అక్కడి పెద్దవాళ్ళిద్దరికి చూపిస్తే వాళ్ళూ అదే అన్నారు." ఊపిరి తీసుకున్నాడు. "బిల్లుడు. మీ కర్ర పేరు బిల్లుడు."

"బిల్లుడా?" అంది అత్త ముందు గదిలోంచి. "దొంగవెధవ పేరులా ఉంది!"

"దొంగదేనండీ. చూడ్డానికి బంగారంలా ఉంటుంది. దాని పొట్టు మాత్రం కొందరి చర్మానికీ ఊపిరికీ అస్సలు పడదు. నునుపు చేసేవాళ్ళకే ఎక్కువ. పూత వేసిన పిడి పట్టుకుంటే మామూలుగా ఏమీ కాదు. మామూలుగా అన్నాను. ఎవరికీ కాదని మాత్రం నేను ఒట్టు వేయలేను."

ఆమె ఆకురాయి కింద పెట్టింది. లేచి లోపలికి వెళ్ళి నాన్న మందుల చీటీ తీసుకుంది. "డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మీరూ రండి. మధ్యలో పేరు మర్చిపోతానేమో." మర్చిపోదని ముగ్గురికీ తెలుసు.

పేరు వినగానే డాక్టరు మందు మార్చాడు. ఆ పొట్టు దరిదాపులకు వెళ్ళొద్దన్నాడు. ఇంకే కర్ర పనైనా మూతికి మాస్కుతో, పొట్టును లాగేసే మెషీను పక్కన పెట్టుకుని చేయాలన్నాడు. మిగిలిన బిల్లుడును వాళ్ళు గట్టిగా మూట కట్టి ల్యాబుకిచ్చేశారు. వంట కాలేజీ మాటకొచ్చేసరికి ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కత్తులన్నీ వెనక్కి తెచ్చి పిడులు మారుస్తాను."

"మామూలుగా ఏం కాదన్నాను కదా," అన్నాడతను.

"మీరు ఒట్టు వేయలేనన్నారు కదా. మీరే వేయలేనిది నేనెలా వేస్తాను?"

ఇద్దరూ బస్సులో వెళ్ళారు. వాన కిటికీలోంచి లోపలికి కొడుతోంది. అద్దం పైకి రాలేదు. ఆమె తడవకూడదని అతను సంచి అడ్డం పెడితే, ఆ సంచి మీద పడ్డ నీళ్ళన్నీ ఆమె ఒడిలోకి కారాయి.

"మీరు సాయం చేయకపోతే నేను తక్కువ తడిసేదాన్ని."

"ఉడకలేదు కదా, సంతోషించండి."

కాలేజీలో వంట నేర్పే పెద్దావిడ విషయమంతా ఓపిగ్గా విన్నది. పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి చేతులు చాపమంది. రెండు వరసల అరచేతులు. కోసుకున్న గాట్లున్నాయి, ఉల్లిపాయ వాసనుంది. పొక్కు ఒక్కటి లేదు. ఆమె ఆ చేతులన్నిటినీ ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. చివరి చేతి దగ్గరకొచ్చేసరికి కళ్ళు మసకబారాయి.

"అమ్మిన వస్తువు కోసం వానలో ఇంత దూరం వచ్చినవాళ్ళను నేను చూడలేదమ్మా," అంది పెద్దావిడ. "మార్చి పంపండి, తొందరేం లేదు. మాకు మళ్ళీ మీ కత్తులే కావాలి."

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. దిగే ముందు, "ఇంత హాయిగా ఊపిరి పీల్చి ఎన్నాళ్ళయిందో," అంది. అతను తలూపి, సంచి భుజాన వేసుకున్నాడు.

*

నాన్న చేతులు నెమ్మదిగా దారికొచ్చాయి. వాపు తీసింది, కొత్త చర్మం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే ఆయన వంటింట్లోకొచ్చి, కూతురి ఎదురుగా చెయ్యి చాపి పిడికిలి బిగించాడు. విప్పాడు. మళ్ళీ బిగించాడు. ఆమె ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకుంది.

అతనికి కృతజ్ఞత ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. థాంక్స్ అంటే చిన్నదైపోతుంది. ఏదైనా ఇద్దామంటే కత్తులు తప్ప ఇంట్లో ఏముంది? ఇలా చెప్పాలి, అలా చెప్పాలి అని రోజుల తరబడి లోలోపల వల్లె వేసుకుంది. ఇంతలో ఒక సాయంత్రం అతనే వచ్చాడు. చేతిలో సంచి లేదు, పొట్లం లేదు.

"ఇంకేం పని మిగిలిందని వచ్చారు?" అంది. వల్లె వేసినదాంట్లో ఈ వాక్యం లేనే లేదు.

"పనేమీ లేదు," అన్నాడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "పని లేకుండా రావచ్చో లేదో అడుగుదామని వచ్చాను."

ముందు గదిలో అత్త బల్ల తుడవడం ఆపింది. ఆపినట్టు తెలియకూడదని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

"నేనే మీ దగ్గరకు రావాలనుకున్నాను," అంది ఆమె. "మా నాన్న చేతులు మళ్ళీ..."

"ఆగండి. థాంక్స్ మాత్రం చెప్పకండి. చెప్పాల్సినవాణ్ణి నేను." అతని గొంతులో ఎప్పుడూ ఉండే తడబాటు లేదు. "ఇన్నేళ్ళుగా ఎవరెవరో ముక్కలు పంపుతారు, నేను పేరు రాసి పంపుతాను. అది ఎవరికి పనికొచ్చిందో, అసలు ఎవరైనా చదివారో లేదో కూడా తెలీదు. మొన్న మీ నాన్నగారు రోడ్డు మీద కనబడి, పలకరించకుండానే నా ముందు పిడికిలి బిగించి చూపించారు. ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. చెబుతూ చెబుతూ మీ గురించే చెప్పానట. మొదలెట్టిందొకటి, చెప్పిందొకటని అమ్మ నవ్వింది. అది నిజమే. మీరంటే నాకు చాలా ఇష్టం. మీకు ఇష్టం లేకపోతే..."

"ఎవరన్నారు లేదని?"

అంత గట్టిగా వచ్చేసింది ఆ మాట. ఆమె నోరు చేత్తో మూసుకుంది. అతను గుమ్మాన్ని వదిలేసి, వదిలేశాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ గుమ్మాన్నే పట్టుకున్నాడు.

"మీ అమ్మను ఈ ఆదివారం తీసుకురా నాయనా," అన్నాడు నాన్న. ఎప్పుడొచ్చాడో, షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. దగ్గరకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మా ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ మాకు మంచే జరిగింది. నా బిడ్డ మొహంలో ఆ సంగతి నేను ఎప్పుడో చూశాను. చల్లగా ఉండండి ఇద్దరూ." అనేసి చటుక్కున షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

అత్త బల్ల తుడిచే గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది. "దుమ్ము!" అంది ఎవరూ అడగకుండానే, లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

ముందు గదిలో ఇద్దరే మిగిలారు.

"కూర్చోండి," అందామె. మళ్ళీ తల అడ్డంగా ఊపింది. "కాదు. కూర్చో."

అతను కూర్చున్నాడు. ఆ ఒక్క మాటకు అతని మొహం ఎంత వెలిగిందంటే, ఆమె చూడలేక కిటికీ వైపు తిరిగింది.

అప్పుడు వెనక షెడ్డులోంచి సుత్తి చప్పుడు వినిపించింది. మొదట ఒక దెబ్బ, సందేహంగా. కొంచెం ఆగి ఇంకోటి. తర్వాత వరసగా, నిబ్బరంగా, ఎర్రటి ఇనుము మీద పడే దెబ్బల లయ. ఎన్నో నెలల తర్వాత నాన్న కొలిమి రాజేశాడు.

ఆమె అతని పక్కన వచ్చి కూర్చుని, అతని చేతి మీద చెయ్యి వేసింది. సుత్తి ఆగేదాకా ఇద్దరూ అలాగే వింటూ కూర్చున్నారు.